ఫాయర్‌బాఖ్‌లో ఏడు నెలల అద్దె ఇల్లు: ఐదుకి మూడున్నర

ముందే చెప్పేస్తాను, ఈ ఇంటికి నేనిచ్చేది ఐదుకి మూడున్నర. అందులో రెండు మార్కులు ఒక కాగితానికే ఇచ్చాను. మంచానికీ, పొయ్యికీ, కిటికీలోంచి కనిపించే ద్రాక్షతోటల కొండకీ కలిపి మిగతా ఒకటిన్నర.

నాది హైదరాబాద్‌లో ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. 2024 సెప్టెంబర్ నుంచి 2025 ఏప్రిల్ దాకా కస్టమర్ దగ్గరే కూర్చుని పనిచేయాలని జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కి పంపారు. జీతం కూడా అక్కడి బ్రాంచి నుంచే. మావారూ బాబూ నిజాంపేటలోనే ఉండిపోయారు. వాడిది పదో తరగతి, కదిపే ప్రశ్నే లేదు. నాకొక్కదానికి కావాల్సింది ఒక గది, ఒక పొయ్యి, ఆఫీసుకి దగ్గర. ఫర్నిచర్‌తో సహా నెలల లెక్కన ఇళ్లు అద్దెకిచ్చే సంస్థలు అక్కడ బోలెడున్నాయి. వాటిలో ఒకదాని ఇల్లు ఇది. సంస్థ పేరు మాత్రం రాయను. నా డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది, ఆ గొడవ తర్వాత చెబుతాను.

స్టుట్‌గార్ట్ మెయిన్ స్టేషన్ నుంచి ఎస్-బాన్ అనే లోకల్ రైల్లో రెండో స్టాపు ఫాయర్‌బాఖ్. బాష్ వాళ్ల పాత ఫ్యాక్టరీ ఉన్న పేట. నాలుగంతస్తుల పాత బిల్డింగ్, లిఫ్ట్ లేదు, నాది మూడో అంతస్తు. 23 కిలోల సూట్‌కేసులు రెండు మెట్ల మీదుగా ఎక్కించాక నా నడుము ఎక్కడుందో నాకు స్పష్టంగా తెలిసింది. మొత్తం ఎనిమిది ఫ్లాట్లు. రెండు మాత్రమే ఈ సంస్థవి, మిగతా ఆరింటిలో ఏళ్ల తరబడి కాపురాలున్నాయి. యాడ్‌లో ఈ మాట లేదు. ఉండుంటే మొహమాటపడి వేరే ఇల్లు చూసుకునేదాన్నేమో.

గది 28 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో మూడొందల చదరపుటడుగులు. అద్దె 1,290 యూరోలు, హీటింగ్, కరెంటు, నెట్ అన్నీ అందులోనే. అప్పటి రేటులో దాదాపు లక్షా ఇరవై వేలు. ఆ సంగతి విని మా అత్తయ్య ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. డిపాజిట్ 2,700 ఒకేసారి పంపేశాను. అక్కడి చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల అద్దెకి మించకూడదు, అదీ హీటింగ్ వగైరా కలపని అద్దె. పైగా దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మనకుంది. ఇది నాకు నవంబర్‌లో తెలిసింది.

ఇక ఆ కాగితం సంగతి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా బ్యుర్గర్‌బ్యురో అనే వార్డు ఆఫీసుకెళ్లి, నేను ఫలానా ఇంట్లో ఉంటున్నానని నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. బయటి దేశం నుంచి వచ్చి మూడు నెలల్లోపే వెళ్లిపోయేవాళ్లకి ఈ బాధ లేదు. మిగతా వాళ్లకి తప్పదు. ఆ నమోదుకి, ఈ మనిషి మా ఇంట్లోనే దిగిందని ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి. దాని జర్మన్ పేరు నేను ఏడు నెలల్లో ఒక్కసారి కూడా తడబడకుండా పలకలేదు. నమోదైతేనే పన్ను నంబర్ పోస్టులో వస్తుంది. అది రాకపోతే జీతంలోంచి ఆరో పన్ను తరగతి కింద, అంటే అన్నిటికన్నా ఎక్కువ పన్ను కోసేస్తారని హెచ్ఆర్ అమ్మాయి మొదటి రోజే టెన్షన్ పెట్టింది. నాకు బ్యాంకువాళ్లు అడిగిందీ, నెట్ సిమ్‌కి అడిగిందీ ఆ నమోదు పత్రమే.

కాగితం ఇవ్వడం ఓనర్ బాధ్యత అని చట్టమే చెబుతుంది. అయినా ఇవ్వనివాళ్లున్నారు. మా టీమ్‌లో తెనాలి కుర్రాడు ఒకడు నాకన్నా నాలుగొందలు తక్కువకి గది పట్టి, నన్ను చూసి జాలిపడ్డాడు. వాడి ఓనర్ 'రిజిస్ట్రేషన్ కుదరదు' అన్నాడు. ఆరు వారాల తర్వాత వాడు మళ్లీ సూట్‌కేసులు సర్దాడు. నా సంస్థ మాత్రం తాళాల కవర్లోనే సంతకం పెట్టిన కాగితం పెట్టి ఉంచింది. పదకొండో రోజు అపాయింట్‌మెంట్ దొరికింది, పావుగంటలో పని అయిపోయింది. మీరు ఇలాంటి ఇల్లు వెతుకుతుంటే ఫొటోల్లో సోఫా రంగు తర్వాత చూసుకోండి. ముందు ఈ ఒక్క ప్రశ్న మెయిల్లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

ఇంతా చేసి, ఇదే సంస్థ చిన్న విషయంలో ముంచింది. అక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు. బెల్ మీద, పోస్టు పెట్టె మీద రాసి ఉన్న ఇంటిపేరే అడ్రస్. నా పెట్టె మీద సంస్థ పేరుంది, నా పేరు లేదు. బ్యాంకు కార్డు వచ్చింది, పోస్ట్‌మన్ పెట్టెల వంక చూశాడు, నా పేరు కనపడలేదు, వెనక్కి పంపేశాడు. మెయిల్ చేస్తే 'పేరు పట్టీ రెండు వారాల్లో వస్తుంది' అని జవాబు. మా ఇంటిపేరు ఇంగ్లిష్‌లో పదమూడు అక్షరాలు, ఆ పట్టీలో పట్టేవి పది. నేనే చిన్న అక్షరాలతో రాసి సెల్లోటేపు అంటించాను. ఏప్రిల్ దాకా అదే నడిచింది. నమోదైన కొన్నాళ్లకి ఆ పెట్టెలోకి అందరికన్నా శ్రద్ధగా వచ్చిన ఉత్తరం రేడియో, టీవీ రుసుముది. ఇంటికి నెలకి 18.36 యూరోలు. నాకు టీవీ లేదు. లేకపోయినా కట్టాలి.

నేను దిగింది శనివారం రాత్రి. ఆదివారం కొట్లు మూసేస్తారని తెలుసు కాబట్టి అటుకులు, పచ్చళ్లు, పొడులు సంచిలో వేసుకునే వెళ్లాను. ఉప్పు మర్చిపోయాను. వంటింటి సొరుగులో ఫోర్కులు నాలుగు, కత్తులు నాలుగు, వైన్ సీసా మూత తీసేవి రెండు ఉన్నాయి. ఉప్పు లేదు. రైల్వే స్టేషన్లో ఉన్న కొట్లు ఆదివారం కూడా తెరిచి ఉంటాయని ఎవరో గుర్తుచేస్తే మెయిన్ స్టేషన్‌కి వెళ్లాను. ఆ స్టేషన్‌ని భూమిలోకి దించే పని 2010లో మొదలుపెట్టారట, నేనున్నన్నాళ్లూ సాగుతూనే ఉంది. ప్లాట్‌ఫారం దిగి ఊళ్లోకి రావడానికి కంచెల మధ్య చుట్టూ తిరగాలి. ఉప్పు ప్యాకెట్ కోసం ఇంత నడిచింది దండి సత్యాగ్రహం తర్వాత నేనేనని మావారు ఎగతాళి చేశారు.

కిటికీ గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. పిడి అడ్డంగా తిప్పితే కిటికీ తలుపులా తెరుచుకుంటుంది. పూర్తిగా పైకి తిప్పితే పై అంచు మాత్రం మన వైపుకి వాలుతుంది. మొదటిసారి అది మొత్తం ఊడి మీద పడుతోందనుకుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. చలికాలంలో కూడా రోజుకి రెండు మూడుసార్లు ఐదేసి నిమిషాలు కిటికీలు బార్లా తెరవాలని అద్దె ఒప్పందంలోనే రాసుంది. లేకపోతే గోడకి బూజు పడుతుంది, ఆ ఖర్చు మనదే. జనవరిలో బయట సున్నా డిగ్రీలు, లోపల నేను స్వెటర్ మీద శాలువా కప్పుకుని కిటికీ తెరిచి నిలబడేదాన్ని. హీటర్ మాత్రం బంగారం. దాని మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి, మూడు దగ్గర పెడితే దాదాపు ఇరవై డిగ్రీలు. ఇడ్లీ పిండి గిన్నెకి దాని పక్కనే చోటిచ్చాను. మర్నాటికి మూత ఎత్తేసేది.

పొయ్యి గ్యాసు కాదు, నల్ల గాజు పలక. ఇండక్షన్ కూడా కాదు, కింద కాయిల్ ఎర్రగా కాలే రకం. అందుకని నా అల్యూమినియం కుక్కర్ పనికొచ్చింది. ఇండక్షన్ అయితే పనికిరాదు, వెళ్లేముందు ఫొటో తెప్పించుకుని చూసుకోండి. కాకపోతే దీనికో మొండితనం ఉంది. స్విచ్ కట్టినా వేడి తగ్గదు. మొదటి రోజు మూడు కూతలు రాగానే కట్టేసి స్నానానికి వెళ్లాను. లోపలుండగానే నాలుగు, ఐదు, ఆరు వినిపించాయి. పప్పు అడుగంటింది. తర్వాత ఒడుపు తెలిసింది, కట్టగానే కుక్కర్‌ని పక్క చల్లటి పలక మీదికి జరిపేయాలి. మన మిక్సీ అక్కడి కరెంటుకి బాగానే తిరుగుతుంది, ప్లగ్గు మాత్రం పట్టదు, అడాప్టర్ కావాలి. తిరగమోత వేసేటప్పుడు జాగ్రత్త. పొగ అలారం వంటింట్లో లేదు, మంచం పైన ఉంది. ఒకే గది ఇంట్లో పొయ్యికీ మంచానికీ మధ్య నాలుగడుగులు. ఎండుమిర్చి వేగిన ప్రతిసారీ అది బిల్డింగంతా వినపడేలా అరిచేది. పేటలోనే ఉన్న టర్కీవాళ్ల కొట్లలో బెండకాయలు, పచ్చిమిర్చి, పుదీన దొరికేవి కాబట్టి కడుపుకి లోటు రాలేదు. కరివేపాకుకి మాత్రం ఊళ్లోకి వెళ్లాలి.

తలుపు దగ్గరకొస్తే, నా అర మార్కు అక్కడే తెగింది. బయటి వైపు తిరిగే పిడి ఉండదు, కదలని గుండు ఉంటుంది. తలుపు పడిందంటే తాళం వేసినట్టే. అక్టోబర్‌లో ఒక శనివారం రాత్రి చెత్త సంచి పట్టుకుని కిందికి దిగాను. నైటీ, హవాయి చెప్పులు, చేతిలో ఫోన్. వెనకాల గాలికి తలుపు పడిన చప్పుడు. సంస్థవాళ్లు 24 గంటల హెల్ప్‌లైన్ అని గోడకి అంటించిన నంబర్ తలుపు లోపల ఉంది. మెయిల్లో వెతికి చేస్తే రికార్డు మాట్లాడింది, సోమవారం పొద్దున చేయమంది. కింది అంతస్తు పెద్దావిడ తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, లోపలికి రమ్మని సోఫా చూపించింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకు జర్మన్ అంతంతమాత్రం. తాళాలాయనకి ఆవిడే ఫోన్ చేసి, నాకు తెలియకుండా బేరం కూడా ఆడింది. ఆయన వచ్చి, ఎక్స్‌రే ఫిల్మ్ లాంటి ప్లాస్టిక్ షీటు ముక్క తలుపు సందులో దూర్చి పైకీ కిందికీ రెండుసార్లు ఊపాడు. తెరుచుకుంది. నలభై సెకన్లు, 189 యూరోలు. బేరం తర్వాత రేటు అది. మర్నాడే రెండో తాళం చెవి ఆవిడ దగ్గర పెట్టాను.

ఆ పరిచయంతోనే కేర్‌వొఖె అర్థమైంది. స్టుట్‌గార్ట్ వైపు పాత ఆచారం, ఊడ్చే వారం అని అర్థం. నవంబర్‌లో ఒక సోమవారం నా తలుపు గుండుకి చిన్న చెక్క పలక వేలాడుతూ కనిపించింది. ఎవరో పొరపాటున తగిలించారనుకుని తీసి మెట్ల మీద పెట్టాను. సాయంత్రానికి అది మళ్లీ నా తలుపుకే ఉంది. పెద్దావిడ చీపురు పట్టుకొచ్చి చేసి చూపించింది. పలక ఎవరి తలుపుకుంటే ఆ వారం వాళ్లు తమ అంతస్తు మెట్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టాలి. శనివారానికి పని అయిపోవాలి, ఆపైన పలక పక్క తలుపుకి మారాలి. బయటి దారీ, సెల్లారూ వేరే, దానికి పెద్ద వారం అని ఇంకో వంతు. మెట్ల అంచుల్లో దుమ్ము చేరే మూల ఉంటుంది చూశారూ, అక్కడ ఆవిడ వేలు పెట్టి రాసి నాకు చూపించింది. అచ్చం మా విజయనగరం పెద్దమ్మే. సంస్థ ఒప్పందంలో 'మెట్ల శుభ్రత అద్దెలో భాగం' అనుంది. కానీ ఎవరినీ పంపలేదు. అడిగితే కాంట్రాక్టర్ మారుతున్నాడన్నారు. ఏడు నెలలూ మారుతూనే ఉన్నాడు. నేను వీడియో కాల్ పెట్టుకుని మెట్లు తుడుస్తుంటే అత్తయ్య, 'జర్మనీ దాకా వెళ్లి మెట్లు ఊడుస్తున్నావా అమ్మా, మరి ఇక్కడ పనమ్మాయి ఎందుకే' అన్నారు.

చెత్త సంగతి రెండు ముక్కల్లో. తొక్కలు ఒకచోట, కాగితం ఒకచోట, ప్లాస్టిక్ ఒకచోట, మిగిలింది ఇంకోచోట. గాజు సీసాలు రంగు ప్రకారం వీధి చివరి డబ్బాల్లో వేయాలి, ఆదివారం మాత్రం వేయకూడదు, చప్పుడవుతుంది. ఒకసారి వాడే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పారేయకండి, ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కిస్తారు.

ఏప్రిల్‌లో ఖాళీ చేసే రోజున సంస్థ నుంచి ఒకబ్బాయి లిస్టు పట్టుకొచ్చాడు. ఫోర్కులు లెక్కపెట్టాడు. వైన్ మూత తీసేవి రెండూ ఉన్నాయని టిక్కు పెట్టాడు. పొయ్యి పక్కన తెల్లటి బల్ల మీద అరచేయంత పసుపు మరక దగ్గర ఆగి, నాలుగు ఫొటోలు తీశాడు. ఇది మసాలా, పోదు అన్నాడు. పోతుందని చెప్పాను. ప్లాస్టిక్ కోత పలక మీది మరకని కిటికీలో రెండు రోజులు ఎండకి పెట్టి పోగొట్టిన మనిషిని నేను. ఫారం మీద జర్మన్‌లో ఏదో రాసి సంతకం పెట్టమన్నాడు. పెద్దావిడని పిలిచి చదివించాకే పెట్టాను. 'నష్టం' అని రాశాడట, ఆవిడ కొట్టేయించి 'మరక' అని రాయించింది.

ఏడు వారాలైంది. 2,700లో ఒక్క సెంటు రాలేదు. పోయిన వారం, బల్ల మార్చడానికి 240 యూరోలు మినహాయిస్తామని మెయిల్ వచ్చింది, ఫొటో జతచేసి. ఆ ఫొటోలో కిటికీ తెర మూసే ఉంది. తెర తీసి రెండు రోజులు ఎండ తగలనివ్వండి, తర్వాత మళ్లీ ఫొటో పంపండి అని జవాబు రాశాను. ఇంకా ఏమీ రాలేదు.