బోరు నీటిలో పెట్రోలు: భూమిలోనే శుద్ధి చేయాలా, పైకి తోడాలా?

పక్క బంకు ట్యాంకు కారి బోరులో పెట్రోలు వాసన వస్తోంది, ఏ పద్ధతి మేలు అని అడిగే అపార్టుమెంట్ల వాళ్లు ఎక్కువయ్యారు. ట్యాంకు ఖాళీ చేయించడం, బోరు వాడకం ఆపడం, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇవ్వడం అందరికీ తెలిసినవే. అసలు తగువు ఆ తర్వాతే మొదలవుతుంది. మందునో గాలినో లోపలికి పంపి నీటిని ఉన్నచోటే బాగుచేయాలా, పైకి తోడి శుద్ధి చేయాలా?

కాగితం మీద మొదటిదే ఆకర్షణీయం. హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఆక్సీకరణ మందు పెట్రోలులో ఉండే బెంజీన్ అనే విషపదార్థాన్ని విరగ్గొడుతుంది. గాలి పంపితే కొంత ఆవిరై పైకొస్తుంది, సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందుతుంది. కాలిఫోర్నియాలోని పోర్ట్ హ్యూనిమి దగ్గర ఎంటీబీఈ (పెట్రోలులో కలిపే ఒక రసాయనం) కలిసిన నీటి దారికి అడ్డంగా ఇలాగే ఆక్సిజన్, సూక్ష్మజీవులు అందించి మంచి ఫలితం సాధించారు. అయితే అక్కడిది ఇసుక నేల.

మన హైదరాబాద్ సంగతి బోరు బండి వాళ్లను అడగండి. పైన మట్టి, తర్వాత మొరం, ఆ కింద గ్రానైట్. కేసింగ్ పైపు రాయి తగిలేవరకే, అక్కడి నుంచి వందల అడుగులు ఉత్త రంధ్రం. నీళ్లుండేది రాతి పగుళ్లలో. ఏ పగులు ఎక్కడ దేనితో కలుస్తుందో పైనుంచి చెప్పడం కష్టం. పంపిన మందు వెడల్పు పగులు వెంట జారిపోతుంది, సన్నని పగుళ్లలో ఇరుక్కున్న పెట్రోలు కదలదు. గాలి పంపితే ఆవిరి ఎవరి సెల్లారులో తేలుతుందో ఎవరికి తెలుసు? అందుకే ఇక్కడ నేను తోడటం వైపే మొగ్గుతాను.

తోడటమూ తేలిక కాదు, ఏళ్లు పడుతుంది. పంపు ఆపాక, లేదా వానలకు నీటిమట్టం లేచాక, పగుళ్లలో మిగిలినది మళ్లీ కరిగి వాసన తిరిగొస్తుంది. పైగా ఎవరు ఎక్కువ తోడితే కాలుష్యం వాళ్ల వైపు నడుస్తుంది. కాబట్టి తోడాల్సింది మీ బోరు నుంచి కాదు, కారిన చోటికి దగ్గరలో అందుకోసమే వేసిన బోరు నుంచి. చుట్టుపక్కల వాళ్లంతా తలా ఒక వేళకు మోటార్లు వేస్తుంటే ఈ పద్ధతి కూడా చెడుతుంది. కాలనీ ఒక్క మాట మీద ఉండటం యంత్రాల కన్నా కష్టం!

పైకొచ్చిన నీటికి గాలి పట్టించాలా, శుద్ధికి వాడే ఉత్తేజిత బొగ్గు గుండా పంపాలా అన్నది పెట్రోలులో ఏం కలిపారన్నదాన్ని బట్టి ఉంటుంది. బెంజీన్‌కు గాలి గోపురం, అంటే పైనుంచి జారే నీటికి ఎదురుగా గాలి ఊదే ఏర్పాటు, చాలు. ఎంటీబీఈ నీటిలో బాగా కరుగుతుంది, నీటిని వదిలి గాలిలోకి పోయే గుణం బెంజీన్‌లో దాదాపు పదోవంతే. బొగ్గుకూ అంతగా అంటదు, కొబ్బరి చిప్పల బొగ్గు కొంత నయం. అమెరికాలోని శాంటా మోనికా నగరం ఈ ఎంటీబీఈ వల్లే 1996లో తన తాగునీటిలో సగం దాకా ఇచ్చే బావులను మూసుకుంది.

నేనైతే రెండు బొగ్గు డ్రమ్ములు వరుసగా పెట్టి, మధ్యలో నమూనాకు ఒక కుళాయి బిగించమంటాను. అక్కడ బెంజీన్ కనిపించిన రోజు మొదటి డ్రమ్ములో బొగ్గు మార్చి దాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకు తేవాలి. వాడిన బొగ్గు ప్రమాదకర వ్యర్థం, చెత్తబండికి ఇవ్వకూడదు.

ప్రకృతికే వదిలేద్దామా? ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. సూక్ష్మజీవులు ముందు దాన్నే తిని ఆక్సిజన్ కాజేస్తాయి, బెంజీన్ ఇంకా దూరం పాకుతుంది. పోనీ ఇంట్లోనే శుద్ధి చేసుకుందామా అంటే, వంటింటి ఆర్‌వో యంత్రం దీనికి ఉద్దేశించినది కాదు. నీటిని మరిగిస్తే ఆవిరంతా వంటింట్లోనే.

టీడీఎస్ మీటరు చూసి మోసపోకండి, పెట్రోలు కలిసినా అందులో అంకె కదలదు. ప్రయోగశాలకు వెళ్లి బెంజీన్, ఎంటీబీఈ అని పేరు పెట్టి అడగండి. నమూనాను వాళ్లిచ్చే చిన్న గాజు సీసాలోనే పట్టండి. అంచు దాకా నింపి మూత బిగించాక తలకిందులు చేస్తే ఒక్క బుడగ కూడా కనిపించకూడదు. కనిపిస్తే మళ్లీ పట్టాలి.