కౌలాలంపూర్‌లో మాగాయకి జరిమానా

కౌలాలంపూర్ వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా. యాప్‌లో ఫొటోలు చూసి బుకిట్ బింతాంగ్‌లో గది బుక్ చేయకండి. చేసినా సరే, డబ్బు కట్టేముందు పైకి వెళ్లి కర్టెన్ పక్కకి లాగి చూడండి. మేం లాగితే వెనకాల గోడ ఉంది. కర్టెన్ ఉంది, దానికి రాడ్ ఉంది, కింద ప్లాస్టిక్ పూలకుండీ ఉంది, కిటికీ ఒక్కటే లేదు. యాప్‌లో దీని పేరు 'సిటీ వ్యూ', రాత్రికి 210 రింగిట్లు. మాకు పడిన రేటు రింగిట్‌కి 18 రూపాయల 50 పైసలు. మీరే లెక్క వేసుకోండి.

2024 ఏప్రిల్‌లో వైజాగ్ నుంచి కౌలాలంపూర్‌కి ఎయిర్ ఏషియా నేరు విమానం మొదలైంది కదా అని మా ఆవిడ, అత్తయ్య, నేను వేసవి సెలవుల్లో బయల్దేరాం. మనవాళ్లకి 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. వెళ్లే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. మా ఊరి ఏజెంటు ఒకాయన దానికి తలకి 500 పుచ్చుకున్నాడు. విమానం దిగాక ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కుదామంటే మనిషికి 55 రింగిట్లు. ముగ్గురుంటే యాప్‌లో పిలిచే గ్రాబ్ కారే నయం, మాకు టోల్‌తో కలిపి 78 అయింది.

పెట్రోనాస్ టవర్లు రాత్రి దీపాల్లో చూశాం, బాగున్నాయి. బాతు గుహలు ఇంకా బాగున్నాయి. 140 అడుగుల మురుగన్ విగ్రహం, పక్కనే రంగురంగుల 272 మెట్లు. ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచే మా అత్తయ్య ఇక్కడ మెట్ల మీది కోతుల్ని చూసి, "నేను కిందే ఉంటాను, మీరెళ్లి రండి" అని చెప్పుల దగ్గర కూర్చుండిపోయారు. ఊళ్లోని పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్ నుంచి లోకల్ రైలు నేరుగా గుహల దాకా వెళ్తుంది, టికెట్టూ చవకే. ట్యాక్సీవాళ్ల మాట వినకండి.

మళ్లీ హోటల్‌కి వద్దాం. దిగగానే 100 రింగిట్లు డిపాజిట్ అన్నారు, నగదే ఇవ్వాలన్నారు. విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను తీసుకుంటారు. అది ప్రభుత్వానిది, దాని మీద గొడవ పెట్టుకోకండి. గది తలుపు మీద డూరియన్ పండు బొమ్మ, దాని మీద ఎర్ర గీత, కింద 200 రింగిట్ల జరిమానా అని ఉంది. ఆ పండు వాసనకి అక్కడ చాలా హోటళ్లు ఇలాగే బోర్డు పెడతాయి. మనకేం సంబంధం అనుకున్నాం.

శనివారం పొద్దున టిఫిన్‌కి నాసి లెమాక్ పెట్టారు. కొబ్బరిపాల అన్నం, కారం, వేరుశనగలు, పైన వేయించిన నెత్తళ్లు. శనివారం నీచు ముట్టని అత్తయ్య తెల్లన్నం అడిగి పైకి తెచ్చుకుని, ఇంగువ మాగాయ సీసా మూత తీశారు. గంట తర్వాత గది ఊడ్చే అమ్మాయి వచ్చి వెళ్లింది. మేం కిందకి దిగేసరికి రిసెప్షన్ కుర్రాడు బిల్లు చేతిలో పెట్టాడు. డూరియన్ తిన్నందుకు 200! డిపాజిట్ పోను ఇంకో 100 కట్టాలట. కింద హాలంతా నెత్తళ్ల వాసన కొడుతుంటే ఎవరికీ పట్టదు, మా మాగాయకి జరిమానా. ఎంత చెప్పినా అతనికి ఎక్కలేదు. అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, గది బుక్ చేసింది నేను కాబట్టి.

అలాగే మొహాలు వేలాడేసుకుని, అక్కడ లిటిల్ ఇండియా అనే బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనానికి వెళ్లాం. సాంబారు బకెట్‌తో వస్తున్న మనిషి మా బల్ల దగ్గర ఆగిపోయాడు. గరిటె గాల్లోనే ఉంది.

"వీడేనండీ!" అంది మా ఆవిడ, పొద్దుటి నుంచీ నాతో మాట్లాడిన మొదటి మాట.

కూర్మన్నపాలెంలో ఇడ్లీ బండి పెట్టుకుని, పక్కన చీటీలు కూడా నడిపిన మనిషి. స్టీల్‌ప్లాంట్ షిఫ్టు దిగినవాళ్లు సగంమంది అతని దగ్గరే తినేవారు. 2017లో ఓరోజు బండి లేదు, మనిషీ లేడు, మా 40 వేలూ లేవు.

"ఏటి బావూ, ఎప్పుడొచ్చినారు?" అన్నాడు ఎలాగో. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మగోరూ, మీ డబ్బులు ఎక్కడికీ పోవు. మీ నెంబరు పోనాది, అంతే."

"మా ఆయన నెంబరు పెళ్లికి ముందు నుంచీ అదే."

అత్తయ్యకి ఇవేం పట్టలేదు. పరాయి దేశంలో మన మాట వినపడిందన్న సంతోషంలో వాళ్లమ్మ ఆరోగ్యం అడిగారు, హోటల్ సంగతంతా ఏకరువు పెట్టారు. భోజనం మాత్రం అమోఘం. ఆకుకి 13 రింగిట్లు, అన్నం, కూరలు అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. గుమ్మడికాయ కూర రెండుసార్లు వేయించుకున్నాను. బిల్లు వద్దంటే వద్దన్నాడు. మా ఆవిడ కౌంటర్ దగ్గరికి పోయి 39 కట్టేసి రసీదు తెచ్చుకుంది. "అన్నం పెట్టి చీటీ మాఫీ చేయించుకుందామనా?"

అతను ఓనర్‌ని గంట అడిగి, మాతోపాటే మోనోరైలెక్కి హోటల్‌కి వచ్చాడు. కౌంటర్ ముందు మలయ్‌లో గడగడా ఏదో దంచాడు. ఆ కుర్రాడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు మాగాయ సీసా తెప్పించి, మూత తీసి, ఒక ముక్క తను నోట్లో వేసుకుని, ఇంకోటి అతని చేతిలో పెట్టాడు. కుర్రాడు వాసన చూశాడు, కొరికాడు, చెవులు ఎర్రబడ్డాయి, నీళ్ల సీసా ఎత్తి సగం తాగేశాడు. తర్వాత మాట్లాడకుండా జరిమానా కొట్టేసి డిపాజిట్ 100 లెక్కపెట్టి ఇచ్చాడు.

మిగతా రోజులకి బ్రిక్‌ఫీల్డ్స్‌కే మారిపోయాం. గది 160, నిజం కిటికీ, కేఎల్ సెంట్రల్‌కి నడక దూరం. మీరు మొదటే అక్కడ దిగండి.

తిరుగు విమానంలో మా ఆవిడ ఫోన్‌లో లెక్కలు వేసింది. "200 రింగిట్లంటే 3,700. 40 వేల్లోంచి తీసేయండి. ఇంకా 36,300 రావాలి. నెంబరు తీసుకున్నారుగా?"

తీసుకున్నానన్నాను.

"మిగిలిన మాగాయ సీసా అతనికే ఇచ్చేశానే" అన్నారు అత్తయ్య, కళ్లు మూసుకునే.

"అయితే 36,700" అంది మా ఆవిడ.