శనగ ప్రోటీన్‌తో గుడ్డు లేని మయోనైజ్: నిలకడ బాగుంది, వాసనే కొంచెం ఇబ్బంది

శాకాహార భోజనశాలలు ఎక్కువగా ఉన్న తిరుపతిలో గుడ్డు లేని మయోనైజ్‌కు గిరాకీ ఉండడం సహజమే. అయితే స్థానికంగా ఒక చిన్న తయారీదారు శనగ ప్రోటీన్, పెక్టిన్ (పండ్లలో ఉండే పీచు పదార్థం) కలిసిన కణాలతో చేసి అమ్ముతున్న ఈ సీసాలో ముందుగా మెచ్చుకోవలసింది రుచిని కాదు, నూనె విడిపోకుండా ఉండే నిలకడను.

మామూలు మయోనైజ్‌లో నూనె బిందువులను గుడ్డు సొనలోని లెసిథిన్ అనే కొవ్వు పదార్థం, ప్రోటీన్లు కలిసిపోకుండా ఆపుతాయి. ఇందులో ఆ పని నీటికీ నూనెకూ పాక్షికంగా తడిసే సూక్ష్మ కణాలది. అవి బిందువు ఉపరితలాన్ని ఒకసారి పట్టుకుంటే ఊడదీయడానికి చాలా శక్తి కావాలి కనుక, చుట్టూ ప్రహరీ కట్టినట్టే బిందువులు విడివిడిగా ఉండిపోతాయి. 1903లో రామ్స్‌డెన్ అనే శాస్త్రవేత్త ఇటువంటి ప్రభావాన్ని ముందే గమనించినా, 1907లో వివరించిన మరో శాస్త్రవేత్త పికరింగ్ పేరే ఈ ఎమల్షన్లకు (నూనె, నీరు బిందువులుగా కలిసి ఉండే మిశ్రమాలకు) స్థిరపడింది. వెనిగర్ వల్ల పీహెచ్ (పులుపును కొలిచే అంకె) 4.5 దరిదాపులకు వస్తే, శనగ ప్రోటీన్ ఒంటరిగా ఉంటే ముద్దకడుతుంది. ఋణావేశం ఉన్న పెక్టిన్ దాన్ని చుట్టుకుని ఆ గండం దాటిస్తుంది.

మే నెల ఎండల్లో భోజనం ముగిసేదాకా బల్లపై ఉంచినా నూనె తేలలేదు. నూనె విడిపోకపోవడం వేరు, చెడిపోకపోవడం వేరు కాబట్టి, మూత తీశాక దీన్ని ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఫ్రీజర్‌లో పెడితే మాత్రం విరిగిపోయింది.

పచ్చి శనగపిండి వాసన వెనక నుంచి తగులుతూనే ఉంటుంది. మిరియాల పొడి కలిపి శాండ్‌విచ్‌లో వాడితే అది తెలియదు, కానీ కీరా ముక్కలతో నేరుగా తినేవారికి దీన్ని సిఫారసు చేయలేను.