చలికాలం గ్రూప్ నడకకి మాన్సల్ ట్రెయిలా, మామ్ టార్ గట్టా?

ఇంగ్లాండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో డిసెంబర్ నడక అంటే ముందు చూసుకోవాల్సింది టైమ్. నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది, పైగా గ్రూప్ మొత్తం అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి వేగంతోనే కదలాలి.

మాన్సల్ ట్రెయిల్ 1968లో మూతపడ్డ రైలు మార్గం మీద వేసిన దారి. 8.5 మైళ్లు, దాదాపు చదును. బురద తక్కువ, దారి తప్పే టెన్షన్ లేదు, వాన పట్టుకుంటే 2011లో తెరిచిన పాత రైలు సొరంగాల్లో కాసేపు ఆగొచ్చు, పిల్లల బండితో వచ్చేవాళ్లయినా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలైనా హాయిగా నడిచేస్తారు. కాకపోతే సైకిళ్లు ఎక్కువ, కొంతదూరం పోయాక కాస్త బోరు కూడా. ఇంకో తిరకాసు, రైలు దారి మీద నడుస్తాం గానీ ట్రెయిల్ పక్కనున్న బేక్‌వెల్ ఊరికి ఇప్పుడు రైలే లేదు, బస్సో కారో చూసుకోవాలి.

మామ్ టార్ కొండకి ఆ ఇబ్బంది లేదు, మాంచెస్టర్-షెఫీల్డ్ రైల్లో ఈడేల్‌లో దిగి ఎక్కేయడమే. ఎత్తు 517 మీటర్లే, కానీ లోజ్ హిల్ అనే ఇంకో కొండ దాకా సాగే గట్టు మీద గాలికి అడ్డేమీ ఉండదు, పరిచిన రాళ్ల మీద మంచు గడ్డకడితే జారుడే జారుడు. అయినా లోయంతా పొగమంచు నిండి, పైన మాత్రం ఎండ కాసే రోజు దొరికిందా, మాన్సల్ ఎవడికి కావాలి!

కొత్తవాళ్లుంటే డిసెంబర్‌లో మాన్సల్ పెట్టండి. మామ్ టార్‌ని ఫిబ్రవరికి జరిపి, తలకి కట్టే లైట్లు తెమ్మనండి, వెనకబడ్డవాళ్లతో నడవడానికి ఒకరిని ముందే ఒప్పించండి.