ఓలెసున్‌లో నాలుగు రోజులు ఉండేలా వెళ్ళండి

నార్వే వెళ్ళే మనవాళ్ళ ప్రయాణ పట్టికలో ఓలెసున్‌కు సాధారణంగా ఒక పూటే దక్కుతుంది. ఓడ దిగడం, కొండెక్కి ఫొటోలు తీసుకోవడం, వెంటనే గైరాంగర్ ఫియోర్డుకు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకు) బయల్దేరడం. ఆ ఊరికి ఇది అన్యాయం. పడమటి నార్వేలో బసకు ఒకే ఊరు ఎంచుకోమంటే నేను బెర్గెన్ అనను, గైరాంగర్ అసలే అనను. ఓలెసున్ అంటాను. దీవులు, ఫియోర్డులు, మంచు కొండలు అన్నీ దానికి అందుబాటులోనే ఉన్నాయి. పైగా అది యాత్రికుల కోసం వెలసిన ఊరు కాదు. చేపల మీద ఎదిగింది, ఇవాళ్టికీ వాటి మీదే బతుకుతోంది.

ఊరి నడిబొడ్డును అర్థం చేసుకోవాలంటే ఒక అగ్నిప్రమాదం గురించి తెలియాలి. 1904 జనవరి 23 తెల్లవారుజామున ఒక క్యానింగ్ ఫ్యాక్టరీలో నిప్పు పుట్టింది. ఆ రాత్రి పెనుగాలి వీస్తోంది, ఇళ్ళన్నీ చెక్కవే. సుమారు 850 ఇళ్ళు బూడిదయ్యాయి, పది వేల మంది నడి చలికాలంలో నిలువనీడ లేకుండా మిగిలారు. ఇంత ఘోరంలోనూ పోయిన ప్రాణం ఒక్కటే. జర్మనీ చక్రవర్తి రెండో విల్హెల్మ్‌కు ఈ తీరమంటే ఇష్టం. ఆయన సహాయ సామగ్రితో ఓడలు పంపాడు. ఊళ్ళో ఒక వీధికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఊరి మధ్యలో ఇక చెక్క ఇళ్ళు కట్టరాదని నిబంధన పెట్టి, 1907 కల్లా చాలా భాగం రాయి, ఇటుకలతో మళ్ళీ నిలబెట్టారు. అప్పట్లో యూరప్ అంతటా ఆర్ట్ నూవో అనే, తీగల వంపులతో అలంకరించే శైలి నడుస్తోంది. నార్వే యువ వాస్తుశిల్పులు దాన్నే ఇక్కడికి తెచ్చారు. అందుకే వీధి వీధంతా ఒకే కాలంలో, ఒకే ఉత్సాహంతో కట్టినట్టు కనిపిస్తుంది.

ఈ వీధుల్లో దుకాణాల అద్దాల వంక కాకుండా తల పైకెత్తి నడవాలి. గుమ్మాల మీద రాతిలో చెక్కిన ఆకులు, తీగలు, మనుషుల ముఖాలు, మూలమూలనా కోణాకారపు బురుజులు కనిపిస్తాయి. ఒకప్పటి ‘హంస’ అనే మందుల దుకాణం ఇప్పుడు ఆర్ట్ నూవో మ్యూజియం. లోపల పాత ఔషధాల గది చెక్కపనితో సహా అలాగే ఉంది. మెట్లెక్కి పైకి వెళితే ఆ ఇంటివాళ్ళ భోజనాల గది చూడవచ్చు. ఊళ్ళో ఒకే ఒక్క టికెట్టు కొనే ఓపిక ఉంటే దీనికే కొనండి. ఊరికి పడమరన సముద్రపు ఒడ్డున ఉన్న అక్వేరియం పిల్లలకు బాగుంటుంది, పెద్దలకు తప్పనిసరి కాదు.

అక్స్లా కొండకు ఊరి పార్కు నుంచి 418 మెట్లు. పార్కులోనే వైకింగ్ నాయకుడు రోలో విగ్రహం ఉంటుంది. మోకాళ్ళు సహకరించనివాళ్ళు దిగులు పడనక్కర్లేదు, వెనక వైపు నుంచి రోడ్డుంది. మా అత్తగారు టాక్సీలో పైకి వచ్చారు. మేం చేరేసరికి ఆవిడ గట్టు దగ్గర కూర్చుని దీవులు చూస్తున్నారు. గాలానికున్న కొక్కెంలా వంగిన ఊరు, దానికి రెండు వైపులా నీళ్ళు, తూర్పున సున్‌మోర కొండల తెల్లటి శిఖరాలు. పగలు పది నుంచి నాలుగు వరకు ఓడల జనంతో అక్కడ నిలబడే చోటు దొరకదు. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి పదకొండు దాటాకే కాబట్టి భోజనం ముగించుకుని వెళ్ళడం మేలు. ఊళ్ళో బస చేసినవాళ్ళకే దక్కే సౌకర్యం ఇది.

ఇక బస సంగతి. కొన్ని రాత్రులు బ్రూసుండె కాలువ ఒడ్డున హోటల్లో ఉన్నాం, మిగతావి వంటగది ఉన్న అద్దె ఇంట్లో. కాలువ పక్కన పాత చేపల గిడ్డంగుల్లో వెలసిన గదుల్లో పెద్ద పెద్ద దూలాలు అలాగే ఉంచేస్తారు, కిటికీ కిందే పడవలు కనిపిస్తాయి. అందమైనవే, అయితే వేసవిలో గది నిర్ణయించుకునే ముందు పక్షుల గురించి అడగండి. కిట్టివేక్ అనే చిన్న సముద్రపు పక్షులు ఈ భవనాల కిటికీ అంచుల మీదే గూళ్ళు కడతాయి. చీకటే పడని రాత్రుల్లో అవి అరవడం ఆపవు. నాకు ఆ సందడి నచ్చింది. తల్లి పక్షి బెత్తెడు వెడల్పు అంచు మీద గుడ్ల మీద కూర్చుని, నాలుగడుగుల దూరంలో ఉన్న నన్ను బెదురు లేకుండా చూసేది. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్ళు మాత్రం వీధి వైపు గది అడగాలి.

అద్దె ఇల్లు కుటుంబానికి చవక, మన భోజనానికి అనువు. కానీ ధర చూడగానే సంతోషపడకండి. దుప్పట్లు, తువ్వాళ్ళకు వేరే రుసుము, చివర్లో శుభ్రం చేసినందుకు ఇంకొకటి కలుపుతారు. మా ఇంటి విషయంలో ఇవి చివరి పేజీదాకా కనపడలేదు. ఇలా దాచడం సరికాదని ఇంటి యజమానికి రాశాను. ఆయన మర్యాదగా జవాబిచ్చారు గానీ డబ్బు తగ్గించలేదు. మొత్తం లెక్క చూసుకున్నాకే హోటల్‌తో పోల్చండి. హోటళ్ళలో ఉదయపు ఫలహారం చాలావరకు అద్దెలోనే కలిసి ఉంటుంది. ఆ దేశంలో రెస్టారెంట్ల ధరలు చూస్తే అది చిన్న విషయం కాదు.

శాకాహారులకు రెస్టారెంట్లలో ఎంపిక తక్కువ. కివి, రేమా 1000, కూప్ దుకాణాల్లో బియ్యం, ఎర్ర కందిపప్పు, మంచి పెరుగు దొరికాయి. మా అత్తగారి భోజనం దాదాపు ఇంట్లోనే సాగింది. ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. నీళ్ళ సీసాలు కొనవద్దు, కుళాయి నీళ్ళు శుభ్రంగా, చల్లగా ఉంటాయి. చేపలు తినేవాళ్ళు బకలావ్ తప్పకుండా తినాలి. ఉప్పు పెట్టి ఎండబెట్టిన కాడ్ చేపను నానబెట్టి టమాటా, ఉల్లి, బంగాళాదుంపలతో ఉడికిస్తారు. ఈ ఎండు చేప పోర్చుగల్, బ్రెజిల్ దాకా వెళుతుంది, ఆ దేశాల వంట ఇక్కడికి తిరిగొచ్చింది. కోస్తాలో ఉప్పు చేప పులుసు తిని పెరిగినవాళ్ళకు దీని రుచి కొత్తగా అనిపించదు.

ఊరికి రైలు లేదు. ఓస్లో నుంచి విమానం గంట ప్రయాణం. నేనైతే డోంబోస్ మీదుగా ఓండల్స్‌నెస్‌కు రైల్లో వచ్చి, అక్కడి నుంచి రెండు గంటల పైచిలుకు బస్సులో రమ్మంటాను. 1924లో పూర్తయిన ఆ రౌమా రైలు మార్గంలో కిటికీ పక్క సీటు కోసం ముందే టికెట్టు కొనడం న్యాయమే. కార్డు ఉంటే నగదు అవసరం పడలేదు. గొడుగు గాలికి నిలవదు, మంచి వానకోటు కావాలి.

ఫియోర్డుల కోసం ఖరీదైన యాత్రా పడవ అక్కర్లేదు. స్థానికులు రోజూ వాడే ఫెర్రీలే చాలు. మాగెర్‌హోల్మ్‌లో ఫెర్రీ ఎక్కి ఓర్స్‌నెసెట్‌లో దిగి, స్ట్రాండా మీదుగా హెల్లెసుల్ట్ చేరాం. పడవలో స్వేలె తప్పక తినాలి. అది మందపాటి తియ్యని అట్టు. వెన్న, చక్కెర రాసి సగానికి మడిచి వేడిగా చేతిలో పెడతారు. హెల్లెసుల్ట్ నుంచి గైరాంగర్‌కు కార్ల ఫెర్రీలో గంట పైన ప్రయాణం. ఏడుగురు అక్కాచెల్లెళ్ళ జలపాతం, కొండ అంచున మనుషులు వదిలేసిన స్కాగెఫ్లో పొలం దారిలోనే కనిపిస్తాయి. ఈ అందం వెనక భయం కూడా ఉంది. 1934లో తాఫ్యోర్డ్‌లో కొండచరియ నీళ్ళలో పడి లేచిన అలకు 40 మంది చనిపోయారు. ఇప్పుడు అలాగే విరిగిపడే ప్రమాదమున్న ఓకెర్నెస్ కొండ పగుళ్ళను నిపుణులు నిరంతరం కొలుస్తూ ఉంటారు.

గైరాంగర్ కన్నా నాకు నచ్చింది హెల్లెసుల్ట్ నుంచి ఓయె వైపు సాగే నొరాంగ్స్ లోయ. 1908లో చరియ విరిగిపడి వాగు అడ్డుకుపోవడంతో అక్కడ ఒక చెరువు ఏర్పడింది, పశువుల కాపరుల ఇళ్ళు మునిగాయి. గాలి లేనప్పుడు రోడ్డు పక్కనే నిలబడి చూస్తే నీళ్ళ అడుగున రాతి గోడలు, పాత బాట స్పష్టంగా కనిపిస్తాయి. మేం వెళ్ళినప్పుడు అక్కడ మరో రెండు కార్లే ఉన్నాయి. లోయ చివర ఓయెలో 1891 నాటి చెక్క హోటలుంది, రాత్రి బస చాలా ఖరీదు, నొరాంగ్స్ ఫియోర్డు చూస్తూ కాఫీ తాగడానికి ఆగవచ్చు. ఈ దారికి కారు అద్దెకు తీసుకోవడమే తేలిక. మంచు చరియల భయంతో చలికాలంలో రోడ్డు మూసేస్తారు, కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు లోపే పెట్టుకోండి.