జుయోంగ్‌గువాన్: గోడ ఎక్కే ముందు గుమ్మం చూడండి

బీజింగ్ వెళ్లినవాళ్లు చైనా మహా గోడ అనగానే బాడాలింగ్‌కి పరుగెడతారు. అదే లోయలో దానికన్నా ముందే, నగరానికి సుమారు 50 కిలోమీటర్లలో వచ్చే జుయోంగ్‌గువాన్‌కి ఒక పూట ఇవ్వండి. కనుమను కోటగా ఎలా మలుస్తారో ఇక్కడే బాగా తెలుస్తుంది. గోడ రెండు పక్కల కొండలూ ఎక్కి దిగుతూ, దాదాపు 4 కిలోమీటర్ల చుట్టుతో లోయకు గొళ్లెం పెట్టేస్తుంది.

దక్షిణ ద్వారం దగ్గర తొందరపడొద్దు. బయటి గుమ్మం దాటితే చుట్టూ ఎత్తు గోడలున్న చిన్న ఆవరణ. తలుపు పగలగొట్టుకుని వచ్చినవాడు లోపలి తలుపు ముందు ఇరుక్కుపోతాడు, బాణాలు పైనుంచి పడతాయి.

ఇంత గట్టి కనుమ ఎందుకు ఓడింది? 1213లో, అప్పట్లో ఉత్తర చైనాను ఏలుతున్న జిన్ వంశపు సేన ద్వారాలకు ఇనుము పోతపోసి, దారి పొడవునా పల్లేరుకాయల్లాంటి ఇనుప ముళ్లు చల్లింది. చెంఘిజ్ ఖాన్ నేరుగా రాకుండా నైరుతిలోని జిజింగ్ కనుమ గుండా చుట్టి వెనక వైపుకి వచ్చాడు. మింగ్ వంశ పాలకులు 1368లో ఇక్కడ మళ్లీ కోట కట్టారు. తర్వాత్తర్వాత ఉత్తర సరిహద్దంతటినీ తొమ్మిది సైనిక మండలాలుగా పంచారు. వాటిని కలిపింది పొగ, ఫిరంగి. 1466 నాటి నియమం ప్రకారం వంద మంది లోపు శత్రువులు కనిపిస్తే ఒక పొగ, ఒక మోత. ఐదొందలకు రెండు, వెయ్యి దాటితే మూడు, ఐదువేలకు నాలుగు, పదివేలకు ఐదు.

లోటు కూడా చెప్పాలి. ఇప్పుడు కనిపించే గోడలో చాలా భాగం 1990ల్లో బాగుచేసింది. ఆ ఇటుకల్ని మింగ్ కాలానివని అనుకోకండి. మెట్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు, దిగేటప్పుడే మోకాళ్లకు అసలు పరీక్ష. జారని బూట్లు, నీళ్లు తప్పనిసరి.

మోకాళ్లు సహకరించకపోతే ఎక్కడం మానేయండి, నష్టం లేదు. కింద చదునుగా ఉన్నచోటే యుంతాయ్ ఉంది: 1345లో పూర్తయిన, 9.5 మీటర్ల పాలరాతి వేదిక. దాని కింది దారిలో లోపలి గోడల మీద ఆరు లిపుల్లో రాతలు చెక్కారు. వాటిలో ఒకటి సంస్కృతం, రంజనా లిపిలో. నాగరి చదవగలిగితే కొన్ని అక్షరాలు పోల్చుకోవచ్చు. చేతిలో చిన్న టార్చి ఉంచుకోండి. పక్కనుంచి వెలుగు పడితేనే చెక్కడం లోతు కనిపిస్తుంది.