అహోబిలం కొండదారిలో మూడు జతల సాక్సులు

ఆరేడు వేల రూపాయలు పెట్టి కొండ నడకకు బూట్లు కొనేవారిలో చాలామంది, వాటిలోకి ఆఫీసుకు వేసుకునే నూలు సాక్సులనే తొడుగుతారు. నాలుగేళ్ళ పాటు నేను చేసినదీ అదే. మడమ మీద బొబ్బ లేచినప్పుడల్లా తప్పును బూటు మీదకు నెట్టి, ఒకసారి ఏకంగా బూట్లే మార్చాను. కొత్త బూట్లలోనూ అదే చోట, అదే పరిమాణంలో బొబ్బ వచ్చాక గానీ సాక్సు మీద అనుమానం కలగలేదు. కిందటి శీతాకాలంలో అహోబిలం వెళ్ళినప్పుడు మూడు రకాల జతలు సంచిలో పెట్టుకుని, రెండు రోజుల నడకలో మార్చి మార్చి తొడిగి చూశాను. ఈ సమీక్ష ఆ నడక గురించే.

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి సన్నిధికి వెళ్ళే దారి సాక్సులకు గట్టి పరీక్షే పెడుతుంది. భవనాశి వాగు పక్కనే రాళ్ళ మీదుగా నడవాలి, మెట్లు ఎక్కాలి, ఎక్కడో ఒకచోట కాలు నీళ్ళలో పడక తప్పదు. పైగా సన్నిధి దగ్గర బూట్లు, సాక్సులు విప్పి తడి రాతి మీద నిలబడి, దర్శనం కాగానే అదే తడి కాలును మళ్ళీ సాక్సులోకి దూర్చాలి. విదేశీ కంపెనీలు ఈ విప్పడాన్నీ తొడగడాన్నీ లెక్కలోకి తీసుకుని ఉండవు గానీ, మన కొండలలో సగం దారులు గుడికే చేరుతాయి కనుక మనకు ఇది ముఖ్యమైన విషయం.

మొదటి జత నూలుది. నూలు చెమటను బాగానే పీలుస్తుంది, కానీ పీల్చినదాన్ని వదలదు. తడిసిన గుడ్డ చర్మాన్ని పట్టుకుని ఉంటుంది, లోపలి ఎముక మాత్రం అడుగడుగుకూ కదులుతూనే ఉంటుంది. ఆ ఈడ్పులాటలో చర్మపు పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరడమే బొబ్బ. వాగు దాటిన గంటలోపే కుడి మడమ చురుక్కుమంది. సన్నిధి దగ్గర విప్పి పిండితే ఆ సాక్సు నుంచి నీళ్ళు ధారగా కారాయి. దాని గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

రెండవది ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర "ఉన్ని ట్రెకింగ్ సాక్సులు" అన్న పేరు చూసి కొన్నది. చేతిలో పట్టుకుంటే దుప్పటిలా మందంగా ఉంది, ఆ మందాన్నే నాణ్యత అనుకున్నాను. రెండు కిలోమీటర్లు నడిచేసరికి కాలు ఉడికిపోయింది. అట్ట మీద చిన్న అక్షరాలలో ఉన్నది ఇంటికి వచ్చాక చదివితే, ఉన్ని పదిహేను శాతమే, మిగిలినదంతా ఆక్రిలిక్ అనే కృత్రిమ దారం. ఆ పదిహేను మీద కూడా నమ్మకం కుదరక, అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని పొయ్యి మంట మీద పెట్టాను. ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే బూడిద పొడి అవుతుంది. నేను కాల్చిన పోగులన్నీ కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలుగా మారాయి. ఉన్ని అని చెప్పి అమ్మే ఏ జతకైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు, డబ్బులు ఇచ్చిన తరువాత మాత్రమే అన్నదొక్కటే దీని లోపం.

మూడవ జత అమెరికాలో ఉండే మా పిన్ని కొడుకు తెచ్చిన డార్న్ టఫ్ కంపెనీది. వెర్మాంట్ రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్‌లో తయారవుతాయి, మెరినో ఉన్నికి నైలాన్, కొద్దిగా సాగే దారం కలిపి నేస్తారు. చూడడానికి రెండవ జతలో సగం మందం కూడా లేదు. మెరినో పోగు మామూలు ఉన్ని కంటే సన్నగా ఉంటుంది కనుక గుచ్చుకోదు, తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపలికి తీసుకున్నా పైకి తడిగా తగలదు. ఆ మాట వినడం వేరు, వాగులో మునిగిన కాలితో కొండపైన ఉన్న ఉగ్రస్తంభం అనే రాతి శిఖరం వైపు ఎక్కడం వేరు. సాక్సు తడిసింది, కాలికి ఆ సంగతి తెలిసింది, కానీ మడమ దగ్గర గుడ్డ జారలేదు, ముడత పడలేదు. సాయంత్రం విప్పితే వేళ్ళు నీటికి ముడుతలు పడి ఉన్నాయే తప్ప ఒక్క బొబ్బ లేదు. మరునాడు ఉతకకుండా తొడిగినా వాసన రాలేదు, ఈ మాటకు మా ఇంట్లో సాక్షులున్నారు.

నా దృష్టిలో ఆ జత గొప్పతనం ఉన్నిలో ఎంత ఉందో కుట్టులోనూ అంతే ఉంది. సాక్సును తిరగేసి వేళ్ళ దగ్గరి కుట్టు మీద బొటనవేలు నడిపిస్తే గట్టు తగలకూడదు. దిగేటప్పుడు ఒంటి బరువంతా బూటు ముందుభాగం మీద పడుతుంది కనుక, అక్కడ చిన్న గట్టు ఉన్నా వేళ్ళను కోసేస్తుంది. తొడిగాక సాక్సు మడమ సరిగ్గా మన మడమ మీదే కూర్చోవాలి, అరికాలి వంపు దగ్గర కొంచెం బిగువు ఉండాలి, అంచు బూటు పైఅంచు కంటే రెండు వేళ్ళయినా ఎత్తుండాలి. మన ఎండలకు మధ్యరకం మందం చాలు, బాగా మందమైనవి మంచు దారులకు వదిలేయవచ్చు. బూట్లు కొనడానికి వెళ్ళేటప్పుడు ఈ సాక్సులే తొడుక్కుని వెళ్ళాలి, లేకపోతే బూటు కొలత తప్పుతుంది.

ధర సంగతికి వస్తే, జతకు ఇరవై డాలర్ల పైమాటే. జీవితకాల హామీ ఉంది, చిరిగితే ఉతికి పంపితే మార్చి ఇస్తారు, అయితే ఇక్కడి నుంచి పంపే ఖర్చు ఆలోచిస్తే ఆ హామీ మా తమ్ముడి సంచిలో ప్రయాణించవలసిందే. ఏడాదికి ఒకటి రెండుసార్లు కొండెక్కేవారికి అంత ఖర్చు అవసరం లేదు. డెకత్లాన్ వంటి దుకాణాలలో కొన్ని వందల రూపాయలకు దొరికే పాలియెస్టర్, నైలాన్ జతలు నూలు కంటే ఎంతో మేలు, త్వరగా ఆరతాయి కూడా. వాసన విషయంలో మాత్రం అవి ఉన్నికి సాటిరావు, రెండో రోజుకు మరో జత ఉండాలి.

ఉన్ని జతను తిరగేసి చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరవేయాలి, వేడినీళ్ళు పోస్తే కుంచించుకుపోతుంది. దారిలో సాక్సుకు అంటుకున్న గడ్డిగింజలను తడి మీద లాగితే పోగులు లేస్తాయి, ఆరాక ఒక్కొక్కటే తీయాలి.

అమెరికా నుంచి తెప్పించుకునేవారు కొలత దగ్గర జాగ్రత్తపడాలి. ఇక్కడ నా బూటు 9 కనుక, 8 నుంచి 9.5 వరకు అని రాసి ఉన్న మధ్యసైజు చెప్పబోయాను. మన బూట్ల అంకెలు బ్రిటిష్ లెక్కవి, ఇక్కడి మగవారి 9 అక్కడ 10 అవుతుందని మా తమ్ముడు ఆపాడు. 10 నుంచి 12 వరకు ఉన్న పెద్దసైజు తెచ్చాడు, అదే సరిపోయింది.